వేటలో ఉన్నవాళ్ళ తలుపులు

నేను పుట్టింది గజపతినగరం దగ్గర, వరీ నువ్వులూ పండించే ఊళ్ళో. చిన్నప్పుడు సముద్రం అంటే నాకు వాసన ఒక్కటే. సంత రోజున ఎండు నెత్తళ్ళ చేపల గంపలతో సముద్రపొడ్డు ఊళ్ళ ఆడవాళ్ళు బస్సు దిగేవాళ్ళు. వాళ్ళు దిగిపోయాక కూడా ఆ సీట్లలో కూర్చోడానికి జనం మొహం చిట్లించేవాళ్ళు. మా అమ్మ మాత్రం వాళ్ళ పక్కన నేల మీద చతికిలబడి, పిల్లల సంగతీ వానల సంగతీ మాట్లాడుతూ గంప అడుగున ఉన్నవి తీయించేది. పైన పరిచినవి చూపులకు, అడుగున ఉన్నవి కూరకు అని ఆవిడ నమ్మకం. ఆ ఆడవాళ్ళ ఇళ్ళ తలుపుల గురించి నేను ఇంతగా ఆలోచించాల్సి వస్తుందని అప్పుడెవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని.

పెళ్ళయి, పిల్లలు కాస్త ఎదిగాక ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకారుల పేట నాకు అప్పగించారు. తుఫానులకూ, తారుమారైపోయిన కాలాలకూ తట్టుకునేలా అక్కడి ఆడవాళ్ళకు సాయపడటం నా పని. మొదటి సమావేశానికి ఆఫీసువాళ్ళు ఒక గోడపటం పంపారు. కరిగిపోతున్న మంచుగడ్డ, దాని మీద బక్కచిక్కిన తెల్ల ఎలుగుబంటి. ఆడవాళ్ళు దాన్ని చాలాసేపు చూశారు. ఆ కుక్క ఎవరిది, తిండి పెట్టడం లేదా అని ఒకామె అడిగింది. నేను పటం చుట్టేసి గోడకు చేర్చి, మీ ఇసక ఏమైపోయింది అని అడిగాను. అప్పుడు అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇళ్ళకూ అలలకూ మధ్య ఒకప్పుడు పిల్లలు బంతాట ఆడుకునేంత ఇసక ఉండేదట. చేపలు అక్కడే ఆరబోసేవాళ్ళు. నేను వెళ్ళేసరికి సముద్రం దాన్ని మింగేసింది. మిగిలిన కాస్త ఇసక మీద ఆరబోస్తే కాలం కాని కాలంలో వాన కొట్టి చేపలు పురుగు పట్టేవి. ఒడ్డు దగ్గర చేప దొరక్క మగాళ్ళు గుజరాత్ వైపు పెద్ద బోట్ల మీదికి పనికి వెళ్ళడం అలవాటయింది. వానాకాలం మధ్యలో రైలెక్కితే మళ్ళీ ఎండలు ముదిరాకే రావడం. అంటే మాకు తుఫానులు వచ్చే నెలల్లో పేటలో ఉండేది ఆడవాళ్ళూ, పిల్లలూ, చేపల వేట మానేసిన ముసలివాళ్ళూ. ఇది ఎవరూ పథకం వేసి చేసింది కాదు. అయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చేపల పని సులువుగానే తేలింది. వెదురు కర్రలు పాతి, నడుం ఎత్తున పాత వలలు బిగించి కట్టి, వాటి మీద ఆరబెట్టడం నేర్చుకున్నారు. వాన మొదలైతే టార్పాలిన్ ఒకటి లాగేస్తే చాలు. ఆ పందిళ్ళు చూసుకుని నేను కొంతకాలం బాగా మురిసిపోయాను. చేపల సంగతి తేల్చాం కదా, ఇక మనుషుల సంగతి కూడా తేలిపోతుందనుకున్నాను.

తలుపుల సంగతి నాకు తెలిసింది ఆ తరవాతే. ఇంటి మగాడు వేటకు వెళ్ళి తిరిగి వచ్చేదాకా ఆ పేటలో తలుపు పూర్తిగా మూయరు. రెండు రెక్కల్లో ఒకటి తెరిచే ఉంచుతారు. కుక్కలూ మేకలూ దూరకుండా ఆ సందులో పాత వల ముక్క వేలాడదీస్తారు. వెళ్ళినవాడి మొహాన తలుపు వేస్తే సముద్రం కూడా వాడి మొహాన దారి మూసేస్తుందని భయం. తెల్లారగట్ట తెప్ప వేసుకుని వెళ్ళి మధ్యాహ్నానికి ఒడ్డుకు చేరే రోజుల్లో పుట్టిన కట్టుబాటు అది. పూట సేపు తలుపు తెరిచి ఉంటే ఎవరికి నష్టం? ఇప్పుడు మగాళ్ళు నెలల తరబడి వేటలో ఉంటున్నారు. ఆ నెలలన్నీ తలుపులు తెరిచే ఉంటున్నాయి.

నేను చేరిన ఏడాదే పెద్దగాలి వచ్చింది. ముందే అందరినీ లోపలి ఊళ్ళో ఉన్న తుఫాను షెల్టరుకు చేర్చాం, ప్రాణాలు పోలేదు. మర్నాడు పేటకు తిరిగి వెళ్ళి వీధుల వెంట నడుస్తుంటే నాకు ఏదో తేడాగా అనిపించింది. ఒక ఇంటి రేకులు ఎగిరిపోయి గోడలు మొండిగా మిగిలితే, దాన్ని ఆనుకునే ఉన్న ఇల్లు చెక్కుచెదరలేదు. రెండూ ఒకే రకం రేకులు, ఒకే రకం గోడలు. వీధి చివరిదాకా వెళ్ళేసరికి నాకు అర్థమైంది. మగాడు గుజరాత్‌లో ఉన్న ఇళ్ళ కప్పులే పోయాయి. ముసలి తాతలున్న ఇళ్ళు, తాళం వేసుకుని షెల్టరుకు వచ్చినవాళ్ళ ఇళ్ళు నిలబడ్డాయి. వీధికి రెండు పక్కలా ఇళ్ళన్నీ సముద్రం వైపు ఓరగా ముఖం పెట్టుకుని ఉంటాయి. తెరిచిన తలుపులోంచి గాలి లోపలికి దూరి, బయటికి దారి లేక కప్పును కింది నుంచి తన్నేసింది. ఇదేమీ గొప్ప విద్య కాదు. ఈదురుగాలి వచ్చిందంటే మా నాన్న అన్నం మధ్యలో లేచి వెళ్ళి పశువులశాల గాలివాటు తడిక దించి కట్టేవాడు. కట్టడం మర్చిపోయిన ఏడాది శాల కప్పు పక్కవాళ్ళ చేలో దొరికింది.

ఇంటికి అండ లేని ఆడదాని ఇల్లే కూలాలి, అదీ మొగుడు బాగుండాలని ఆమె పెట్టుకున్న జాగ్రత్త వల్లే కూలాలి. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

తరవాతి సమావేశంలో తలుపుల మాట ఎత్తాను. మామూలుగా నా మీద జోకులు వేసే ఆడవాళ్ళు కూడా తలలు దించుకున్నారు. చివరికి ఒక ముసలమ్మ, నలుగురూ పెద్దరికం ఇచ్చే మనిషి, తమలపాకు నములుతూ నన్ను నిదానంగా అడిగింది.

"నీ మొగుడేటి పని సేత్తాడమ్మా?"

స్కూల్లో గుమాస్తా అని చెప్పాను.

"మరైతే తలుపేసుకో. స్కూల్లో ములిగిపోడు."

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, వచ్చినందుకు ఒళ్ళూ మండింది. ఆ నవ్వుతో ఆ రోజు సమావేశం అయిపోయింది.

ముసలమ్మకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ గుజరాత్ బోట్ల మీదే. ఆమె చిన్నకొడుకు ఇంట్లో ఉండేది. పెద్దకోడలు ఎదురుగా, వీధిలో సముద్రానికి దగ్గరగా ఉన్న చివరి ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలతో ఉండేది. చేపల పందిళ్ళ పని మొదట అందుకున్నది ఈ చివరింటామే. గట్టిగా మాట్లాడుతుంది, గట్టిగా నవ్వుతుంది, వల ముడి సరిగ్గా పడకపోతే నన్ను కూడా వదలదు. పెద్దగాలికి ఆమె ఇంటి కప్పు కూడా పోయింది. సాలూరు సంతదాకా గంపలు మోసి మళ్ళీ రేకులు వేయించుకుంది. ఆ రేకులు ఎక్కించిన రోజు నన్ను లోపల నిలబెట్టి, పైకి చూడమని, గోడ పైన పూసిన సిమెంటు వాసన పీల్చమని ఒకటే గొడవ. పిల్లలకు ఇక వానలో తడిసే రాత్రులు లేవని ఆమె సంబరం.

మరుసటి ఏడు మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు నేను నేరుగా ఆమె ఇంటికే వెళ్ళాను. షెల్టరుకు బయలుదేరడానికి మూటలు కట్టుకుంటోంది. నేను తలుపు వైపు చూశానంతే. ఆమె కప్పు వైపు చూసింది. తరవాత ఫోన్ తీసి మొగుడికి చేసింది. బోటు అప్పుడు ఒడ్డునే ఉంది కాబట్టి దొరికాడు. స్పీకర్ పెట్టింది. గాలి గురించి, తలుపు గురించి, నేను చెప్పేదాని గురించి అంతా చెప్పి, ఏం చేయమంటావని అడిగింది. అవతల బోటు ఇంజను చప్పుడు, మనుషుల అరుపులు. ఆ గోలలోంచి అతను అన్నాడు.

"ఏసీయే. మూల నా పాత తెడ్డుంది సూడు, అది అడ్డం ఎట్టీ. ఇల్లెగిరిపోతే నానొచ్చి ఎక్కడ తొంగుంటాను?"

ఆమె నవ్వేసింది. లోపలి నుంచి తెడ్డు అడ్డం పెట్టి, పెరటి తలుపులోంచి బయటికి వచ్చి, దానికి తాళం వేసింది. ఎదురింటి గుమ్మంలో నిలబడిన ముసలమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

గాలి వచ్చి పోయింది. ఆ వీధిలో మగాడు వేటలో ఉండి కప్పు నిలిచిన ఇల్లు అదొక్కటే. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి దాన్ని బయటి నుంచి తడిమి చూసి వెళ్ళారు. మా ఆయన్ని కూడా ఫోన్‌లో అడగాలి అని ఒకామె నా చెవిలో చెప్పింది. నేను ఇంటికి వెళ్ళి ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. నా ఉద్యోగంలో అలా తిన్న పూటలు తక్కువ.

ఎండలు ఇంకా మొదలుకాకముందే గుజరాత్ నుంచి కబురు వచ్చింది. వల లాగుతుంటే అతను బోటు మీద నుంచి పడిపోయాడు. తోటివాళ్ళు వెతికారు, పక్క బోట్లవాళ్ళూ వెతికారు. శవం దొరకలేదు.

తుఫానుకూ దానికీ మధ్య నెలలు గడిచాయి. ఆ సముద్రం వేరు, ఈ సముద్రం వేరు. ఇవన్నీ నేను చెప్పగలను, చెప్పాను కూడా. ఎవరూ నాతో వాదించలేదు. వాదిస్తే బాగుండేది. ముసలమ్మ కోడలి ఇంటి ముందుకు వచ్చి, వీధంతా వినేలా ఒక్కసారే అంది, ఆడి మొకాన తలుపేసీసింది అని. ఆ తరవాత ఇక ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు. నీళ్ళ పంపు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు కాస్త అవతలికి జరిపేవాళ్ళు.

ఇందులో నా తప్పేమైనా ఉందా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదు. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ అదే చెబుతాను. అయినా పేటకు వెళ్ళినప్పుడల్లా ఆ వీధిని ఆఖరికి వాయిదా వేసేదాన్ని. రెండూ నిజమే.

శవం లేదు కాబట్టి కర్మ చేయలేదు. గాజులు తీయలేదు, బొట్టు తీయలేదు. నా కొడుకు ఎక్కడో ఒడ్డెక్కే ఉంటాడు, ఏ దేశంవాళ్ళో పట్టుకుపోయి ఉంటారు అని ముసలమ్మ పట్టు. సరిహద్దు దాటి జైళ్ళలో పడి, ఏళ్ళ తరవాత తిరిగొచ్చిన మగాళ్ళు ఆ తీరంలో ఉన్నారు కాబట్టి ఆ మాటను కాదనే ధైర్యం ఎవరికీ లేదు. చివరింటామె మాత్రం ఇంటి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచేసింది. మిగతావాళ్ళు ఒక రెక్క తెరిచి ఉంచితే ఈమె రెండూ. వాన కొడితే గదిలోకి జల్లు వచ్చేది. పిల్లలు మూల నక్కి పడుకునేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడు నేల తడిగా ఉండేది, ఆ తడిలోనే కూర్చుని చేపలు ఏరుతుండేది. నవ్వు లేదు, తిట్టు లేదు. ఒక రోజు నేనేమీ అడగకుండానే అంది.

"ఆడే ఏసీమన్నాడప్పా. నువ్వూ ఇన్నావు గదా."

విన్నాను అన్నాను. ఆ తరవాత తలుపుల మాట ఆ పేటలో నేను ఎత్తలేదు. షెల్టరు గురించి, టార్పాలిన్ల గురించి మాట్లాడేదాన్ని. ఆఫీసులో అడిగితే పని బాగానే సాగుతోందని చెప్పేదాన్ని.

ఆ మరుసటి తుఫాను ఒడిశా వైపు పోతుందన్నారు. వీధిలో సగం మంది షెల్టరుకు వెళ్ళలేదు. చేపల పందిళ్ళకు తాళ్ళు బిగించాలని నేను పొద్దున్నే పేటకు వెళ్ళాను. తాళ్ళు కడుతుండగా గాలి తిరిగింది. ముందు ఈశాన్యం నుంచి వచ్చేది కాస్తా నేరుగా సముద్రం మీద నుంచి రావడం మొదలైంది. ఇసక మొహానికి గుచ్చుకుంటోంది. పందిళ్ళు వదిలేసి నేనూ, నాతో తాళ్ళు కడుతున్న చివరింటామె కూడా ఆమె ఇంట్లోకి పరిగెత్తాం. పిల్లలు అప్పటికే మంచం కింద ఉన్నారు.

తలుపు రెండు రెక్కలూ గోడకు కొట్టుకుంటున్నాయి. ఎదురింటి ఒంటి రెక్క ఊగడం మాకు కనిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆ ఇంటి రేకు ఒకటి లేచింది, దాని వెనక ఇంకొకటి. తరవాత కప్పంతా ఒక్కసారే లేచి వీధి మీదుగా ఎక్కడికో పోయింది. అలా చూస్తుండగానే ఆ పక్కిల్లు, దాని పక్కిల్లు. ఆడవాళ్ళు పిల్లల్ని పొట్టకు కరుచుకుని, గోడలు పట్టుకుంటూ మా వైపు వచ్చారు. వీధి ఆ కొసన ఇంక కప్పు మిగిలింది, మేకులు రెట్టింపు కొట్టించిన ఈ ఇంటికే. నీళ్ళ పంపు దగ్గర బిందెలు జరిపినవాళ్ళందరూ ఆ గదిలో కిక్కిరిసి నిలబడ్డారు. అందరికన్నా చివర చిన్నకోడలు ముసలమ్మను లాక్కొచ్చింది. ముసలమ్మ నెత్తి మీద రేకు ముక్క గీసుకుని రక్తం కారుతోంది. ఆ గుమ్మం తొక్కడం ఆమెకు కొడుకు పోయాక అదే మొదటిసారి.

అప్పుడు మా తల మీద రేకులు మూలగడం మొదలైంది. ఒక మేకు ఊడి నా భుజం మీద పడింది. గదిలో ఉన్న ప్రతి ఆడదానికీ ఏం చేయాలో తెలుసు. ఒకప్పుడు నేను చెప్పిందే కదా. ఎవరూ కదల్లేదు. నేనూ నోరు తెరవలేదు. నా మాట మీద ఆ తలుపు రెండోసారి పడకూడదు. పిల్లలు ఏడుస్తున్నారు. అందరి చూపూ చివరింటామె మీదే ఉంది.

ఆమె మాత్రం ముసలమ్మను చూస్తోంది. గాలి హోరులో వినబడాలని దగ్గరికి వెళ్ళి, చెవి దగ్గర వంగి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

"అత్తా, నీ కొడుకు ఏటలో లేడు. ఇంక రాడు. తలుపేసీనా?"

ముసలమ్మ ఆమెను చూసింది. తెరిచిన తలుపులోంచి సముద్రాన్ని చూసింది. అక్కడ చూడటానికి ఏమీ లేదు, నీళ్ళూ ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి. మా నెత్తి మీద ఒక రేకు చివర లేచి టపటపా కొట్టుకుంది. ముసలమ్మ గోడ పట్టుకుని మూలకు నడిచింది. తెడ్డు అక్కడే ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి, కోడలికి అందించింది.

నలుగురం భుజాలు ఆనిస్తే గాని రెక్కలు పడలేదు. ఆమె తెడ్డు అడ్డం పెట్టింది. గది చీకటయింది. రేకులు ఇంకోసారి మూలిగి, ఊరుకున్నాయి.

బయట గాలి అలాగే ఉంది. లోపల మాత్రం మా ఊపిరి మాకు వినిపిస్తోంది. తలుపుకు వీపు ఆనించి చివరింటామె నేల మీదికి జారి కూర్చుంది. ముసలమ్మ ఆమె పక్కన కూలబడి, కోడలి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, గాజులు తడమడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే. ఆ చీకట్లో మొదటి ఏడుపు ఎవరిదో నాకు తెలీదు. తరవాత అందరూ ఏడ్చారు. చనిపోయినవాడిని వరస పెట్టి పిలుస్తూ, బావా అని కొందరు, మావా అని కొందరు, నాయనా అని ముసలమ్మ. ఆ ఇంట్లో అన్నాళ్ళూ ఆగి ఉన్న చావు అప్పుడు జరిగింది. నేను కూడా ఏడ్చాను. ఫోన్‌లో ఒక్కసారి గొంతు విన్న మనిషి కోసం.

సాయంత్రానికి గాలి తగ్గింది. సందులోంచి వెలుగు గీత లోపలికి పడింది. బయట మనుషులు పిలుచుకుంటున్న మాటలు వినిపించాయి. తెరిస్తే పోయినవాడి కోసం మళ్ళీ ఎదురుచూసినట్టే అవుతుందని, ఆ తెడ్డు తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అందరూ నా వైపు చూశారు. నా మొగుడు సముద్రంలో ఉండడు కదా.

లేచి తెడ్డు తీశాను.